ఎముక లేని చెయ్యి

తాతయ్య మధ్యాహ్నం అన్నం తిని నవారు మంచం మీద కాసేపు నడుం వాల్చేవాడు. కుడిచెయ్యి మంచం పట్టె దాటి కిందికి వేలాడుతుండేది. నాకప్పుడు ఆరేళ్ళుంటాయేమో. చప్పుడు చెయ్యకుండా పక్కన చేరి, ఆ చెయ్యి పట్టుకుని చిటికెన వేలు దగ్గర్నుంచి మణికట్టు దాకా నొక్కి నొక్కి చూసేదాన్ని. మిరపకాయలు పట్టీ పట్టీ ఆ వేళ్ళ చివర్లు ఎర్రబారి గరుకుగా ఉండేవి. ఎక్కడ నొక్కినా లోపల గట్టిగానే తగిలేది. ఒకరోజు ఇక ఆగలేక వంటింట్లోకి పరిగెత్తి, "నాయనమ్మా, తాతయ్య చేతికి ఎముకలున్నాయే! నేను నొక్కి చూశాగా" అన్నాను.

నాయనమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "ఉంటే తెనాలి పక్కన పదెకరాల మాగాణి కూడా ఉండేదే తల్లీ" అంది.

మా ఇంటికి ఎవరొచ్చినా వెళ్తూ వెళ్తూ అనే మాట అదే: "ఆయన చేతికి ఎముక లేదమ్మా." పల్నాడు నుంచి వచ్చే రైతులు అనేవాళ్ళు, పాలు పోసే ఆమె అనేది, పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికొచ్చిన దూరపు చుట్టాలూ అనేవాళ్ళు. అదేదో జబ్బనుకుని నేను లోలోపల దిగులు పడేదాన్ని. అది మెచ్చుకోలని తెలిశాక దిగులు పోయింది. అది సగమే మెచ్చుకోలని తెలియడానికి ఇంకో పదేళ్ళు పట్టింది.

మాది పాత గుంటూరు. ముందు వసారా, పక్కన పొడుగాటి అరుగు, వెనక దొడ్లో నూతి పక్కన రెండు కరివేపాకు చెట్లు. ఇప్పుడు అద్దె ఇళ్ళ ప్రకటనల్లో రాస్తారే, గాలీ వెలుతురూ ధారాళంగా వచ్చే ఇల్లు అని, అలాంటిది. మా ఇంట్లోకి గాలీ వెలుతురూ ధారాళంగా వచ్చేవి, తక్కినవన్నీ ధారాళంగా బయటికి పోయేవి. ఈ ముక్క నాది కాదు, బాబాయిది.

తాతయ్యది మిర్చి కమీషన్ వ్యాపారం. రైతు టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, తెచ్చి కొట్లో దింపుతాడు, తాతయ్య బేరం కుదిర్చి అమ్మిపెడతాడు, తన కమీషన్ తీసుకుంటాడు. లెక్కకు అంతే. కానీ ఆ వ్యాపారం నడిచేది కమీషన్ మీద కాదు, ఆ ముందూ వెనకా జరిగే వాటి మీద. ముందు, తొలకరికి రైతు పెట్టుబడికని అప్పు తీసుకెళ్తాడు. వెనక, పంట వచ్చాక కాటా మీద తరుగు తీస్తారు. కాయ పచ్చిగా ఉందనీ, మట్టి ఉందనీ, తాలు కలిసిందనీ టిక్కీకి ఇంత అని తూకంలో కొట్టేసేదాన్నే తరుగంటారు. తాతయ్య ముందు సంగతిలో నోటు రాయించుకోడు, వెనక సంగతిలో తరుగు తియ్యడు. గుమస్తా పక్కనుండి, "కాయ ఇంకా ఎండలేదండీ, తియ్యాల్సిందే" అంటే, "పోన్లేవయ్యా, ఇక్కణ్ణుంచి మద్రాసు వెళ్ళేలోపు అదే ఎండుద్ది" అనేవాడు.

ఆ గుమస్తాకు నాయనమ్మ పెట్టిన పేరు శుక్రాచార్యులు. వామనుడికి దానం ధారపొయ్యబోతుంటే, కలశం మూతికి అడ్డం పడి దర్భపుల్ల పోటుకి కన్ను పోగొట్టుకున్నాడు కదా, బలి చక్రవర్తి గురువు, ఆయన పేరన్నమాట. మామూలుగా మన ఇళ్ళలో శుక్రాచార్యుడంటే తిట్టు. ఇవ్వబోయే చేతికి అడ్డం పడేవాడు. నాయనమ్మ మాత్రం ఆ మాట అంటుంటే గొంతులో ఎంత గౌరవమో. గుమస్తా ఇంటికొస్తే ఆయనకొక్కడికే కాఫీ గ్లాసు నిండా పోసేది.

ఆయన అడ్డం పడే తీరు కూడా ముచ్చటగా ఉండేది. ఒకసారి నేను కొట్లోనే ఉన్నాను, గల్లాపెట్టె పక్కన కూర్చుని మరమరాలు తింటున్నాను. సత్తెనపల్లి వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. కూతురి పెళ్ళి. పంట తెచ్చింది లేదు, పాత బాకీ తీర్చిందీ లేదు. రెండు వందలు కావాలన్నాడు. తాతయ్య గుమస్తా వైపు చూశాడు. గుమస్తా జేబులు తడుముకున్నాడు, బల్ల సొరుగు లాగి చూశాడు, మొహం దిగాలుగా పెట్టి, "తాళంచెవి ఇంటి దగ్గర మర్చిపోయానండి" అన్నాడు. తాళంచెవి ఆయన మొలతాడుకే కట్టి ఉంది, కూర్చున్నచోటి నుంచి నాకు కనపడుతోంది. తాతయ్యకూ కనపడే ఉంటుంది. ఏమీ అనలేదు. కొట్లో కుర్రాణ్ణి పిలిచి, పక్క కొట్టు నుంచి రెండు వందలు బదులు తెప్పించి రైతు చేతిలో పెట్టాడు. 

రాత్రి ఈ కథ నేనే నాయనమ్మకు చేరేశాను. ఆమె కాసేపు నోరు తెరిచి అలాగే ఉండిపోయి, "అప్పు చేసి పప్పుకూడు తినేవాళ్ళను చూశాను గానీ, అప్పు చేసి ఊరికి పప్పుకూడు పెట్టేవాణ్ణి ఈయన్నొక్కణ్ణే చూశానే" అంది.

నాయనమ్మ చదువుకున్నది ఏమీ లేదు, సంతకం పెట్టడం వరకే. కానీ మాటను ఎక్కడ పట్టుకోవాలో తెలుసు. ఊళ్ళో వాళ్ళు "చేతికి ఎముక లేదు" అని ఆపేస్తే, ఆమె దానికి తోక కలిపేది: "ఆయన చేతికి ఎముక లేదు, అడిగేవాళ్ళ నాలుక్కి నరం లేదు." పొద్దున్నే అరుగు మీద నలుగురు కూర్చుని ఉంటే, లోపల గిన్నెలు సర్దుకుంటూ, "ఇచ్చేవాణ్ణి చూస్తే చచ్చేవాడు కూడా లేచొస్తాడంట" అని బయటికి వినపడేలా అనేది. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది చూడండి, అది కూడా మా చిన్నపిల్లల ముందే అనేసేది. దానికి అర్థం ఏమిటని అమ్మని అడిగి నేను దెబ్బలు తిన్నాను.

ఇవ్వడానికి మనకు ఎన్ని క్రియలున్నాయో నేను తెలుసుకున్నది వ్యాకరణం పుస్తకంలో కాదు, ఆ వంటింట్లోనే. ఇచ్చాడు అంటే ఇచ్చాడు, అంతే. ఇచ్చేశాడు అంటే అది ఇక రాదు. ధారపోశాడు అంటే చేతిలో నీళ్ళు వదిలినట్టు, మళ్ళీ అడగడానికి కూడా వీల్లేదు. ఊడ్చిపెట్టాడు అంటే ఇంట్లో చీపురు పట్టి మూలమూలా గాలించి మరీ ఇచ్చాడని. కట్టబెట్టాడు అంటే తీసుకున్నవాడికి అర్హత లేదని. తగలేశాడు అంటే ఇచ్చినవాడికి బుద్ధి లేదని. ఇక దోచిపెట్టాడు అన్న మాట ఉంది చూశారూ, దానికి సాటి లేదు. దోచుకోవడం, పెట్టడం రెండూ ఒకే మాటలో ఉన్నాయి. దోచింది ఎవరిని? ఇంట్లోవాళ్ళనే. పెట్టింది ఎవరికి? బయటివాళ్ళకి. ఈ మాట ఇచ్చినవాడి గురించి ఏమీ చెప్పదు, పక్కన నిలబడి చూస్తున్నవాళ్ళ కడుపుమంట చెబుతుంది.

ఇంకో తమాషా. మగవాళ్ళు ఇస్తే ఊడ్చిపెట్టడం, తగలెయ్యడం అనేవాళ్ళు. దోచిపెట్టడం మాత్రం ఎక్కువగా ఆడవాళ్ళకే వాడేవాళ్ళు. "కూతురికి దోచిపెడుతోంది", "పుట్టింటికి దోచిపెడుతోంది." ఎండాకాలం నాలుగు జాడీల ఆవకాయ పెట్టి, ఒక జాడీ మా పెద్దత్తయ్యకు పంపితే అది దోచిపెట్టడం. తాతయ్య అదే వారంలో ఒకడి పెళ్ళికి బస్తా బియ్యం పంపితే అది ధర్మం.

లాలాపేట నుంచి అత్తరు అమ్మే సాయిబు గారు వచ్చేవారు. తాతయ్య అత్తరు పూసుకోగా నేను చూడలేదు గానీ కొనకుండా పంపగా కూడా చూడలేదు. ఖాళీ కాని అత్తరు సీసాలు గూట్లో వరసగా ఉండేవి. ఒకరోజు నాయనమ్మ గుమ్మం దగ్గర నిలబడి, "సాయిబు గారూ, మీరన్నా చెప్పండి, ఈ మనిషికి మరీ దుబారా ఎక్కువైపోయింది" అంది. ఆయన గడ్డం నిమురుకుంటూ నవ్వి, "మా ఉర్దూలో దుబారా అంటే మళ్ళీ అని అర్థం అమ్మా" అన్నాడు. తాతయ్య ఒక్క గంతులో లేచి కూర్చుని, "విన్నావా, మళ్ళీ కొనమంటున్నావన్నమాట" అని ఇంకో సీసా తీసుకున్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో కొన్నేళ్ళ పాటు ఎవరైనా ఇంకొంచెం పప్పు వెయ్యమనాలంటే "దుబారా" అనేవాళ్ళం.

వీధి చివర తెలుగు మాస్టారొకాయన ఉండేవారు. ఆయన మాటల సంచీ వేరు. వదాన్యుడు, వితరణశీలి, ఈవిలో మేటి. ఇవన్నీ గుళ్ళో శిలాఫలకాల మీద బాగుంటాయి, నోట్లో పట్టవు. దాత అన్న మాట కూడా అంతే, నాకు దాత అంటే ఇప్పటికీ గుళ్ళో ఫ్యాను రెక్క మీద ఎర్ర రంగుతో రాసిన పేరే గుర్తొస్తుంది. ఫ్యాను తిరిగితే పేరు కనపడదు, పేరు కనపడాలంటే ఉక్కపోతకు ఓర్చుకోవాలి. తాతయ్య పేరు గుంటూరులో ఏ ఫ్యాను మీదా లేదు. డబ్బులిచ్చి పేరు రాయించుకోవడం గుర్తుండేది కాదు.

ఆ మాస్టారు ఒకసారి తాతయ్యను "కర్పూర వసంతరాయలు" అన్నారు. అరుగు మీద అందరూ ఎవరాయన అని చూశారు. మన కొండవీడు నేలిన కుమారగిరి రెడ్డి బిరుదట అది. వసంతోత్సవాల్లో కర్పూరం, కస్తూరి గుప్పిళ్ళతో వెదజల్లేవాడట. కొండవీడంటే మాకు పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి తిరిగొచ్చేయగల ఊరు, అక్కడి రాజంటే పక్కింటాయన లెక్కే. తాతయ్య సిగ్గుపడి కండువా సర్దుకున్నాడు. లోపల్నుంచి నాయనమ్మ, "అవును మాస్టారూ, సరిగ్గా చెప్పారు. ఉన్న ఆస్తి కాస్తా హారతి కర్పూరం అయింది" అంది. మాస్టారికి పలుకు లేదు. ఆరు వందల ఏళ్ళ నాటి బిరుదుని ఆమె ఒక్క విసురుతో వంటింటి గట్టు మీదికి దింపేసింది.

ఏడాదికోసారి అందరం మంగళగిరి వెళ్ళేవాళ్ళం. కొండ మీద పానకాల స్వామి సంగతి మీకు తెలిసిందే. నోరు ఒక్కటే కనపడుతుంది. అర్చకుడు శంఖంతో పానకం పోస్తుంటే గుటక వేస్తున్న చప్పుడు వినిపిస్తుంది. బిందె సగం అయ్యేసరికి స్వామి ఇక చాలంటాడు. మిగతా సగం మనకు ప్రసాదం. అంత బెల్లం నీళ్ళు ఒలికినా అక్కడ చీమలూ ఈగలూ ముసరవని చూపించి మరీ చెబుతారు. మెట్లెక్కిన ఆయాసం తీరకుండానే నాయనమ్మ మొదలుపెట్టింది. "చూశావా ఏందయ్యా? దేవుడంతటివాడు కూడా ఇచ్చినదంతా తీసుకోడు, సగం మళ్ళీ మన చేతిలో పెడతాడు. నీ దగ్గర తీసుకున్నోళ్ళు ఒక్కడన్నా సగం తెచ్చిచ్చాడా?"

తాతయ్య ప్రసాదం తాగి మూతి తుడుచుకుని నింపాదిగా అన్నాడు: "అది ఆయన పని. మన పని ఏందో చూడు. మనం బిందె నిండా తెచ్చామా, సగం తెచ్చామా?"

కొండ దిగాక కింది గుడి గాలిగోపురం చూపించి మెడ నొప్పి పుట్టిందాకా అంతస్తులు లెక్కపెట్టించాడు. పదకొండు. 1807, 1809 మధ్య అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించినది. మా వైపు ముసలివాళ్ళకు చెయ్యి పెద్దదంటే ఆయనదే. తాతయ్య ఆ పేరు చెప్పేటప్పుడు గొంతులో ఒక రకం ఆశ ఉండేది. నాయనమ్మ మా చెప్పులు వెతుకుతూ, "ఆయనకి జమీ ఉంది, నీకు కమీషన్ కొట్టుంది" అంది.

మరి వీటన్నిటికీ తాతయ్య ఏమనేవాడు? ఆయన నోట దానం అన్న మాట నేను వినలేదు. ధర్మం అన్న మాటా వినలేదు. ఆయనకున్నది ఒక్కటే, "పోన్లే పాపం." నిఘంటువులో ఈవికీ వితరణకూ పర్యాయపదాలు వెతికితే ఇది ఉండదు. కానీ మా ఇంట్లోంచి బియ్యం, డబ్బు, దుప్పట్లు, గొడుగులు, ఒకసారి నీళ్ళు కాచుకునే రాగి కాగు, అన్నీ బయటికి పోయింది ఈ మాట మీదుగానే. ఎవడైనా మోసం చేశాడని తేలినా అదే మాట. ఇచ్చేటప్పుడు అవతలివాడి కష్టం చూసి పోన్లే పాపం, ఎగ్గొట్టినప్పుడు వాడి బుద్ధి చూసి పోన్లే పాపం. 

ఇంట్లో ఎవరూ ఏ మాటా అనకుండా ఇచ్చిన రోజులు కూడా ఉన్నాయి. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన రాత్రి. నాకు పదకొండేళ్ళు. గుంటూరులో మాకు గాలి, వాన, విరిగిపడ్డ చెట్లు, కరెంటు లేని చీకటి. సముద్రం ఊళ్ళ మీదికొచ్చిందన్న సంగతి తర్వాతి రోజుల్లో ఒక్కో కబురుగా తెలిసింది. రేపల్లె వైపు, బాపట్ల వైపు, కృష్ణ అవతల దివిసీమ. పదివేల మందికి పైగా పోయారు. అప్పుడు మా వసారాలో గాడిపొయ్యి తవ్వి పులిహోర కలిపారు, వీధి వీధంతా పొట్లాలు కట్టాం. నాయనమ్మ భోషాణం తెరిచి ఉన్న దుప్పట్లన్నీ బయట పడేసింది. అడుగున, మా చిన్నత్తయ్య పెళ్ళికని కొని దాచిన కొత్త జంబుఖానా ఒకటి ఉంది. తాతయ్య దాన్ని చూశాడు, నాయనమ్మను చూశాడు, నోరు మెదపలేదు. నాయనమ్మే దాన్ని మడత విప్పకుండా పైన పెట్టింది. లారీ వచ్చి అన్నీ ఎక్కించుకుపోయింది. ఆ రోజు ఎముకల గురించి గానీ కర్ణుడి గురించి గానీ ఎవరూ ఎత్తలేదు. అత్తయ్య కూడా అడగలేదు, జంబుఖానా ఏదని.

రెండేళ్ళ తర్వాత కొట్టు మూసేశాం. కర్ణుడి చావుకి వెయ్యి కారణాలన్నట్టు దానికీ చెప్పారు. రేటు పడిపోయిందన్నారు, భాగస్తుడు ముంచాడన్నారు, మూఢంలో కొట్టు మార్చారన్నారు. ఎన్ని చెప్పినా చివరికి అందరూ తాతయ్య చేతి దగ్గరికే వచ్చి ఆగేవాళ్ళు. విచిత్రం ఏమిటంటే మాటలు పాతవే, ఒక్కటి కూడా కొత్తది లేదు. "ఆయన చేతికి ఎముక లేదు" అన్నవాళ్ళే మళ్ళీ అదే అన్నారు, చివర "మరి" అని చేర్చి. ఆయన చేతికి ఎముక లేదు మరి. ధర్మాత్ముడు అన్న మాటకు ముందు "పాపం" వచ్చి కూర్చుంది. బోళాశంకరుడు కాస్తా వెర్రిబాగులవాడయ్యాడు. వరసకు అన్నయ్య అయ్యే ఒకాయన, పదేళ్ళు మా అరుగు మీద కాఫీ తాగినవాడు, "తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం" అని సామెత చెప్పి తాతయ్యకే బోధించాడు. తాతయ్య బుద్ధిగా తల ఊపాడు. కాఫీ ఇచ్చారా ఆయనకి అని లోపలికి కేకేశాడు.

అందరికంటే పదునుగా అన్నది బాబాయి. కొట్టు లెక్కలు తేల్చే రోజు రాత్రి, ఆవర్జా పుస్తకాలు వసారాలో కుప్పగా పడి ఉన్నాయి. బాబాయికి ఆవేశం వచ్చింది. "మనింటి దానకర్ణుడు!" అన్నాడు. కర్ణుడంటే ఎంత గొప్పవాడు! ఎడమచేతిలో గిన్నె ఉంటే కుడిచేతికి మార్చేలోపు మనసు మారుతుందేమోనని ఎడమచేత్తోనే ఇచ్చేసినవాడు. ఆ కథ నాకు చెప్పింది బాబాయే. అదే పేరు ఆ రోజు చెప్పుదెబ్బలా పడింది. తాతయ్య మాట్లాడలేదు. దాంతో బాబాయి ఇంకా రెచ్చిపోయి, "అత్త సొమ్ము అల్లుడు దానం!" అన్నాడు.

ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. ఆ సామెత ఎవరైనా ఊరికే వాడేస్తారు, ఆఫీసు డబ్బుతో గొప్పలు పోయేవాడి దగ్గర్నుంచి ఎన్నికల్లో నిలబడ్డవాడి దాకా. మా ఇంట్లో మాత్రం అది సామెత కాదని నాకు అప్పుడే తెలిసింది. తెనాలి పక్కన ఆ పదెకరాలు నాయనమ్మవి. పసుపు కుంకుమ కింద వాళ్ళ అమ్మ రాసిచ్చిన పొలం. నేను పుట్టిన రెండేళ్ళకు ఒక ఏడాది పంటలు పోయి, రైతులెవరూ పెట్టుబడి తిరిగివ్వలేక, అందరినీ మళ్ళీ నిలబెట్టాలని తాతయ్య ఆ పొలం అమ్మాడు. అమ్మాడు అంటున్నాను గానీ, రిక్షా ఎక్కి రిజిస్ట్రాఫీసుకి వెళ్ళి, కాగితం కాగితానికీ సంతకం పెట్టింది నాయనమ్మ. ఆమెకొచ్చిన చదువంతా ఆ రోజుకే ఉపయోగపడింది.

బాబాయి మాటకు ఆమె ఒక్కటే అంది. "అత్తకి లేని బాధ నీకెందుకురా? లేచి అన్నానికి రా."

నాలుగైదేళ్ళు ఆగి, ఇంటర్ చదివే ధైర్యంతో నేను అడిగాను. పొలం నీది, సంతకం నీది, ధర్మాత్ముడన్న పేరు ఆయనదేంటి, నువ్వెందుకు ఎవరికీ చెప్పలేదు అని. ఆమె నా జడకి రిబ్బన్ కడుతోంది. "కర్ణుడి పెళ్ళాం పేరు చెప్పవే చూద్దాం" అంది. నాకు రాలేదు. తెలుగు మాస్టార్ని అడిగితే తెలుస్తుందేమో గానీ అప్పటికప్పుడు రాలేదు. "ఆఁ, అంతే" అని జడ గట్టిగా లాగి ముడి వేసింది.

ఆడవాళ్ళకు మనం అట్టేపెట్టిన మాట అన్నపూర్ణ. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ గారంతటి మనిషి కూడా అపర అన్నపూర్ణే అయింది. అన్నం పెడితే అన్నపూర్ణ. పొలం పెడితే? దానికి మాట దొరకదు. నాయనమ్మ తన ఇవ్వడానికి తనే ఒక మాట తయారుచేసుకుంది. బియ్యం అడిగి వచ్చినవాళ్ళకు సోల నిండా కొలిచి, పైన గోపురంలా పోసి, వాళ్ళ సంచిలో వంచుతూ డబ్బాలోంచి ఇంకో గుప్పెడు జారవిడిచేది. ఎవరైనా చూస్తే, "చెయ్యి జారింది" అనేది. పాలావిడకు మజ్జిగ పోస్తే చెంబు దాటి చెయ్యి జారేది. పెద్దత్తయ్య వెళ్ళేటప్పుడు సంచిలో పప్పు పొట్లం జారేది. తాతయ్య ఎముక గురించి అంత గొడవ చేసిన మనిషికి రోజుకి నాలుగుసార్లు చెయ్యి జారుతుండేది, ఎవరూ లెక్క పెట్టలేదు. డబ్బా అడుగు కనపడిన రోజు కూడా బియ్యం అయిపోయాయని అనేది కాదు. ఇళ్ళలో అనరు కదా. "నిండుకున్నాయి" అనేది.

తాతయ్య 1985లో పోయాడు. పెద్దకర్మ రోజున మిరపకాయల తొడాలు తీసే ఆడవాళ్ళు ఏడెనిమిది మంది వచ్చి గేటు బయటే నిలబడ్డారు. అందులో ఒకామె కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, "పిచ్చిమారాజు" అంది. ఒక్క మాటే. కొట్టు మూసినప్పుడు విన్నవన్నీ, అంతకుముందు విన్నవన్నీ అందులో ఉన్నాయి. మారాజు ఉంది, పిచ్చి ఉంది. రెంటి మధ్యా సందు కూడా లేదు. నాయనమ్మ ఆ మాట విని మొదటిసారి గట్టిగా ఏడ్చింది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆమె నా దగ్గరికొచ్చింది, బెజవాడ. సత్యనారాయణపురంలో మూడో అంతస్తులో మా వాటా. ఇద్దరు పిల్లలు, ఒక జీతం, నెలాఖరు టెన్షన్ ఎప్పుడూ ఉండేదే. ధనుర్మాసంలో ఒక పొద్దున కింద చిడతల చప్పుడు. హరిదాసు. నాయనమ్మ పాత సోల తీసి నా చేతికిచ్చి, పిల్లలతో పంపమంది. గుంటూరు నుంచి ఆమె తెచ్చుకున్న సామాను అంతా కలిపి ఒక ట్రంకుపెట్టె, అందులో ఆ ఇత్తడి సోల ఒకటి.

నేను బియ్యం డబ్బాలో ముంచి తీసి, పైన అరచెయ్యి అడ్డంగా రాసి, ఎగుడు లేకుండా చదును చేశాను. ఎగుడు బియ్యం డబ్బాలో పడ్డాయి. అలవాటు, అంతే. కొలత కొలతలా ఉండాలని మా వారు అంటుండేవారు, నేనూ అనుకునేదాన్ని.

నాయనమ్మ కుర్చీలోంచే చూస్తోంది. చూపు సరిగ్గా ఆనదు ఆమెకి, అయినా చూసింది. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి, నా కుడిచెయ్యి తీసుకుని, బొటనవేలితో నా వేళ్ళు ఒక్కొక్కటీ నొక్కింది. చిటికెన వేలు దగ్గర్నుంచి మణికట్టు దాకా.

"నీకు బాగానే ఉందే ఎముక" అంది.

పిల్లలు అప్పటికే మెట్ల మీద పిలుస్తున్నారు, హరిదాసు మోకాలి మీద కూర్చున్నాడు తొందరగా రమ్మని. నాయనమ్మ సోల నా చేతిలోంచి తీసుకుని, గోడ పట్టుకుని డబ్బా దగ్గరికి నడిచింది.